గజ్జలో ఉబ్బు, గుండెలో గుబులు

బిడ్డకు నీళ్ళు పోసి తుడుస్తుంటే గజ్జ దగ్గర మెత్తగా ఏదో చేతికి తగులుతుంది. ఏడిస్తే పెద్దదవుతుంది, నిద్రపోతే కనిపించదు. జేజి చూసి "పేగు జారింది" అంటుంది. పక్కింటావిడ "మా అన్న కొడుక్కీ ఇట్లే ఉండె, దానంతటదే పోయింది" అని ధైర్యం చెబుతుంది. డాక్టరేమో "హెర్నియా, ఆపరేషన్ చేయాలి" అని రెండు ముక్కల్లో తేల్చేసి ఇంకో చీటీ అందుకుంటారు. పాలు తాగే బిడ్డకు మత్తేమిటి, కత్తేమిటి అని ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ కన్ను మూతపడదు.

ఆ భయం తప్పు కాదు. కన్నవాళ్ళకు కాక ఇంకెవరికి ఉంటుంది? దాన్ని పోగొట్టుకోవాలని తొందరపడకుండా, దాన్ని పక్కన కూర్చోబెట్టుకునే కాసేపు మాట్లాడుకుందాం.

ఆపరేషన్ వల్ల వచ్చే చిక్కులు కొన్ని ఉన్నాయి. చేయించకపోతే వచ్చేవి అంతకన్నా పెద్దవి. ఇవి రెండూ కాక మూడో రకం ఉంది: ప్రేమ కొద్దీ దాచే మాటలు, ప్రేమ కొద్దీ వాయిదా వేసే రోజులు, ఆకలికి ఏడుస్తుంటే చూడలేక తాగించే గుక్కెడు పాలు. మొదటి రెండూ డాక్టర్లు చూసుకుంటారు. మూడోది పూర్తిగా మన చేతుల్లోనిది.

ఇది ఎవరి తప్పూ కాదు

ముందు ఒక బరువు దించుకుందాం. మగబిడ్డ కడుపులో ఉండగా వృషణాలు పొట్టలోంచి కిందికి దిగుతాయి. వాటి వెంట పొట్ట లోపలి పొర కూడా చిన్న సంచిలా జారి వస్తుంది. పుట్టే నాటికో, పుట్టిన కొన్ని నెలలకో ఆ దారి మూసుకుపోవాలి. కొందరిలో మూసుకోదు. నీళ్ళు పారడం అయిపోయాక మూయకుండా వదిలేసిన తూము అనుకోండి. సందు సన్నగా ఉంటే నీరు దిగి వృషణం చుట్టూ చేరుతుంది. దాన్ని వరిబీజం, బుడ్డ అంటుంటాం. సందు పెద్దదైతే పేగే దిగుతుంది. అది హెర్నియా.

కాబట్టి కడుపుతో ఉన్నప్పుడు తల్లి బరువు ఎత్తినందుకు వచ్చింది కాదు. బిడ్డను ఎక్కువ ఏడిపించినందుకో, ఎగరేసి ఆడించినందుకో వచ్చిందీ కాదు. ఏడుపు ఉన్న ఉబ్బును బయటికి చూపిస్తుందే తప్ప లేనిదాన్ని పుట్టించదు. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా ఇది కనిపిస్తుంది. నెలలు తక్కువతో పుట్టినవాళ్ళలో ఇంకా చాలా ఎక్కువ. మగపిల్లల్లో ఎక్కువే గాని ఆడపిల్లలకూ వస్తుంది.

ఇక కష్టమైన నిజం. గజ్జలోని హెర్నియా తనంతట తాను మూసుకోదు. పక్కింటావిడ చెప్పింది అబద్ధం కాకపోవచ్చు, ఆమె చూసింది బొడ్డు దగ్గరి ఉబ్బు అయ్యుంటుంది. బొడ్డు హెర్నియా చాలామందిలో నాలుగైదేళ్ళ లోపు సర్దుకుంటుంది. వరిబీజం కూడా తరచుగా ఏడాది, రెండేళ్ళలో తగ్గిపోతుంది. వాటికి ఆగవచ్చు. గజ్జ సంగతి వేరు. రూపాయి బిళ్ళ పెట్టి గుడ్డ కట్టడం బొడ్డుకైనా పనికిరాదు, కింద చర్మం ఒరిసి చీము పడుతుంది. గజ్జకు బెల్టులు, పట్టీలు అసలే వద్దు.

డాక్టరు దగ్గరికి పోయే వేళకు ఉబ్బు మాయమవడం మామూలే. "అక్కడ పోయినాక ఏమీ కనపడలేదు సార్" అని తిరిగొచ్చేవాళ్ళు ఎందరో. ఉబ్బు కనిపించినప్పుడే ఫోనులో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఆ ఒక్క ఫొటోతో రెండో ప్రయాణం తప్పుతుంది.

ఎన్నాళ్ళు ఆగవచ్చు?

"దసరా సెలవులు రానీ." "ఎండాకాలంలో పుండు మానదు, వానలు పడినాక చూద్దాం." "ఆషాఢం పోనీ." ప్రొద్దుటూరులో దసరా అంటే అమ్మవారిశాల ముందు ఊరు ఊరంతా ఉంటుంది. ఆ సందడిలో ఆసుపత్రి మాట ఎవరికి రుచిస్తుంది? ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఉబ్బు సులువుగా లోపలికి పోతూ, నొప్పి లేకుండా ఉంటే, డాక్టరుతో మాట్లాడుకుని కొన్ని వారాలు అటూ ఇటూ చేసుకోవచ్చు. పాలు తాగే బిడ్డకు మాత్రం అట్లా కుదరదు. జారిన పేగు వెనక్కి పోలేక ఇరుక్కునే ప్రమాదం ఏడాది లోపు పిల్లల్లోనే ఎక్కువ. కెనడాలో చేసిన ఒక పరిశోధన 2008లో వెలువడింది. ఆ వయసు పిల్లలకు ఆపరేషన్ రెండు వారాలు దాటి ఆలస్యమైతే పేగు ఇరుక్కునే అవకాశం దాదాపు రెట్టింపవుతున్నట్టు అందులో తేలింది. నెలలు నిండక పుట్టిన బిడ్డకు ఎప్పుడు చేయాలన్న లెక్క వేరు, అది డాక్టర్లు బేరీజు వేసి చెబుతారు. మిగతా పసిపిల్లలకు ముహూర్తం చూసేంత వ్యవధి లేదు.

ఇరుక్కుంటే ఎట్లా తెలుస్తుంది? ఉబ్బు గట్టిపడుతుంది, పడుకున్నా లోపలికి పోదు. చేయి తగిలితే బిడ్డ గిలగిల్లాడుతుంది. ఎంత ఎత్తుకున్నా ఏడుపు ఆగదు. పాలు వద్దంటుంది. వాంతులు మొదలవుతాయి, పచ్చరంగు వాంతి అయితే మరీ ప్రమాదం. పొట్ట ఉబ్బుతుంది, గజ్జ మీద చర్మం ఎర్రబడుతుంది. ఇందులో ఏది కనిపించినా గంటలు లెక్కపెట్టాల్సిన సమయమే. పేగుకు రక్తం ఆగిపోతుంది, మగపిల్లల్లో వృషణానికి కూడా ఆగవచ్చు. ఆడపిల్లల్లో సంచిలోకి జారేది చాలాసార్లు అండాశయమే. అందుకే "ఆడపిల్ల, నలుగురికీ తెలిస్తే రేపు పెళ్ళికి అడ్డం" అని దాచిపెట్టడం ఎంత ప్రేమతో చేసినా బిడ్డ మేలు కోరినట్టు కాదు.

అట్లాంటప్పుడు మనం గట్టిగా నొక్కి లోపలికి తోయకూడదు. పాలు, నీళ్ళు ఏవీ పట్టకూడదు. పల్లెలో ఉంటే తెల్లవారి మొదటి బస్సు కోసం చూడకుండా 108కి ఫోన్ చేయాలి. ఆర్‌ఎంపీ సూది వేస్తే ఏడుపు ఆగవచ్చు, పేగు మాత్రం అక్కడే ఉంటుంది. ఆసుపత్రిలో నొప్పికి మందిచ్చి, అనుభవమున్న చేత్తో మెల్లగా లోపలికి పంపగలిగితే, వాపు తగ్గడానికి ఒకటి రెండు రోజులు ఆగి ఆపరేషన్ చేస్తారు. పంపలేకపోతే వెంటనే చేస్తారు. ముందుగా, తీరిగ్గా చేసిన ఆపరేషన్‌కూ, అర్ధరాత్రి పరుగున చేసినదానికీ చిక్కుల్లో చాలా తేడా. వాయిదా వేసి మనం తప్పించుకున్నామనుకునే ప్రమాదం అక్కడ కాచుకుని ఉంటుంది.

ఎక్కడ చేయిద్దాం?

జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు, మన ఈ మూడు ఊళ్ళకూ ఆసుపత్రి కొత్తది కాదు. జమ్మలమడుగులో లండన్ మిషన్ డాక్టర్లు మొదలుపెట్టిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి వయసు వందేళ్ళు దాటింది. డాక్టర్ వై.యస్. రాజశేఖరరెడ్డి చదువు అయ్యాక కొంతకాలం పనిచేసింది ఆ మిషన్ ఆసుపత్రిలోనే. తర్వాత 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరిట ఆసుపత్రి పెట్టారు. ప్రొద్దుటూరులో ప్రభుత్వ జిల్లా ఆసుపత్రి ఉంది, ప్రైవేటు నర్సింగ్ హోములకు కొదవ లేదు. కడపలో రిమ్స్ 2006 నుంచి ఉంది.

"అయితే మా ఊళ్ళోనే చేయించవచ్చా?" అని అడుగుతారు. బిడ్డను బట్టి చెప్పాలి. ఆరేళ్ళ ఆరోగ్యమైన పిల్లాడికి, అనుభవమున్న సర్జనూ పిల్లలకు మత్తివ్వడం అలవాటున్న డాక్టరూ ఉంటే మన ఊరే హాయి. ఏడో నెలలో పుట్టి, ఇప్పటికి రెండు కిలోలున్న పసికందుకు మాత్రం దగ్గరున్న ఆసుపత్రే మంచిదనుకోకూడదు. చేసేది అరగంట, ముప్పావుగంట పనే. ఆ తర్వాతి రాత్రి ఆ బిడ్డ ఊపిరిని కనిపెట్టుకుని ఉండగల చోటు కావాలి. దానికి కడపో, కర్నూలో, తిరుపతో, వెల్లూరో పోవాల్సి వస్తే పోవడమే సరి.

సంకోచం లేకుండా నాలుగు మాటలు అడగండి. ఈ వయసు పిల్లలకు ఇక్కడ తరచుగా చేస్తుంటారా? మత్తు ఇచ్చేది ఎవరు, వాళ్ళు చివరిదాకా పక్కనే ఉంటారా? రాత్రికి డ్యూటీ డాక్టరు ఉంటారా? ఇబ్బంది వస్తే ఎక్కడికి, ఎట్లా పంపుతారు? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. ఖర్చు సంగతీ అప్పుడే తేల్చుకోండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న పథకంలో మీ బిడ్డకు చేసే ఆపరేషన్ వర్తిస్తుందో లేదో, కార్డు తీసుకుపోయి ఆ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలి. చేరాక అడిగితే కంగారే మిగులుతుంది.

మత్తు భయం

తల్లిదండ్రులు కత్తి కన్నా మత్తుకే ఎక్కువ భయపడతారు. "మళ్ళీ లేస్తాడా సార్?" అన్న ప్రశ్న నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. అడగండి, అడగదగిన ప్రశ్నే. ఈ ప్రశ్న మీద మన తెలుగు నేల మీదే పెద్ద పరిశోధన జరిగింది. క్లోరోఫాం ఇచ్చినప్పుడు రోగులు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి 1888, 1889లో హైదరాబాదులో ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు ఆధ్వర్యంలో రెండు కమిషన్లు పనిచేశాయి. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరుగా పేరున్న రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ కాలంలో అక్కడే ఉన్నారు. క్లోరోఫాంతో గుండెకు ముప్పు లేదన్న లారీ వాదన తర్వాత నిలవలేదు. ఊపిరిని క్షణం కూడా వదలకుండా కనిపెట్టాలన్న మాట మాత్రం నిలిచింది. ఇవాళ మీ బిడ్డ వేలికి పెట్టే ఎర్రదీపం క్లిప్పు, జపాన్‌లో తకువో అవోయాగి 1974లో లోకానికి చూపించిన పద్ధతి, చేసేది అదే కాపలా. రక్తంలో ఆక్సిజన్ తగ్గడం మొదలవగానే అరుస్తుంది.

ఇంత కాపలా పెట్టినా ఇంట్లో చేసే ఒక పని దాన్ని దాటిపోగలదు. మత్తులో కడుపులోని పాలు పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే అన్నం, టిఫిను, ఆవుపాలు, డబ్బాపాలు ఆరు గంటల ముందు, తల్లిపాలు నాలుగు గంటల ముందు ఆపమంటారు. మంచినీళ్ళు సాధారణంగా రెండు గంటల ముందు దాకా ఇవ్వనిస్తారు. మీ మత్తు డాక్టరు ఏ గంట చెబితే అదే గంట. తెల్లవారుజామున బిడ్డ ఆకలికి ఏడుస్తుంటుంది. అవ్వ ప్రాణం ఆగదు. "ఒక్క బిస్కెట్టే కదా, రెండు గుక్కల మజ్జిగే కదా" అని కొంగు చాటున పెడుతుంది. అవ్వను కోప్పడకండి, ఎందుకు వద్దో ముందురోజే కూర్చోబెట్టి చెప్పండి. అప్పటికే పెట్టేసి ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. ఆపరేషన్ కొన్ని గంటలు వెనక్కి పోతుంది, అంతకు మించి నష్టం లేదు. చెప్పకపోతేనే నష్టం.

జలుబు, దగ్గు, జ్వరం ఉన్నా అంతే. "ఇంత దూరం వచ్చినాం, సెలవు పెట్టినాం, కొంచెం ముక్కు కారితే ఏమిలే" అని అణచిపెట్టకండి. ముక్కు కారే బిడ్డ గొంతు మత్తులో బిగుసుకుపోవచ్చు. తొందరలేని కేసైతే రెండు మూడు వారాలు ఆగడమే మేలు. నెలలు నిండక పుట్టిన బిడ్డైతే ఎన్నో వారంలో పుట్టిందో తప్పక చెప్పండి. కడుపులో ఉన్న వారాలూ పుట్టాక గడిచిన వారాలూ కలిపి అరవై దాటని అట్లాంటి పిల్లలు ఆపరేషన్ తర్వాత ఉన్నట్టుండి ఊపిరి ఆపవచ్చు. ఒక రాత్రి కాపలా ఉంటే ఆ గండం దాటిపోతుంది.

మన ప్రొద్దుటూరు ప్రాంతానికి ఇంకొక మాట. ఆర్యవైశ్య కుటుంబాలు కొన్నింటిలో రక్తంలోని ఒక ఎంజైము పుట్టుకతోనే బలహీనంగా ఉంటుంది. దానికి కారణమైన జన్యుమార్పును 2006లో శాస్త్రజ్ఞులు గుర్తించి ప్రకటించారు. ఇట్లాంటివాళ్ళు మామూలుగా నిక్షేపంగా ఉంటారు. మత్తు సమయంలో వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందు వాళ్ళకు పడదు. నిమిషాల్లో దిగాల్సిన దాని ప్రభావం గంటల తరబడి ఉండిపోతుంది, అంతసేపూ యంత్రంతో ఊపిరి ఆడించాల్సి వస్తుంది. ముందే తెలిస్తే ఆ మందు వాడరు, అంతటితో చిక్కు తీరిపోతుంది. ఇది ఒక్క కులానికి పరిమితమూ కాదు, ఎవరికీ మచ్చా కాదు. చిన్నాయనకో, మేనత్తకో, ఎవరికైనా ఆపరేషన్ తర్వాత తెలివి రావడం, ఊపిరి ఆడడం ఆలస్యమైందని ఇంట్లో చెప్పుకుంటే ఆ మాట మత్తు డాక్టరు చెవిన వేయండి. మేనరికాలున్న ఇళ్ళలో ఇది మరీ అవసరం.

"మత్తు వల్ల బుద్ధి మందగిస్తుందా?" అన్నది ఇంకో దిగులు. దీన్ని తేల్చడానికి ఎంచుకున్నది కూడా హెర్నియా ఆపరేషన్ చేయించుకునే పసిపిల్లలనే. ఏడు దేశాల్లోని 28 ఆసుపత్రుల్లో 722 మందిని తీసుకుని, కొందరికి పూర్తి మత్తు, కొందరికి వెన్నుకు సూదితో నడుము కింద మాత్రమే మత్తు ఇచ్చారు. ఐదేళ్ళ వయసులో తెలివితేటలు కొలిస్తే రెండు గుంపులకూ తేడా కనిపించలేదు. ఆ ఫలితాలు 2019లో వచ్చాయి. ఒకసారి, గంట లోపు ఇచ్చే మత్తు గురించి ఈ మాట నమ్మకంగా చెప్పుకోవచ్చు.

కత్తి వల్ల వచ్చే చిక్కులు

పెద్దవాళ్ళకు వేసే మెష్ (వల) పిల్లలకు అక్కర్లేదు. గజ్జ మడతలో చిన్న గాటు పెట్టి, తెరిచి ఉన్న సంచిని విడదీసి, పైన ముడి వేస్తారు. కొన్నిచోట్ల లాప్రోస్కోపీతో చేస్తారు. చాలామంది పిల్లలు ఆ సాయంత్రమో, మర్నాడో ఇంటికి పోతారు.

సంతకం పెట్టే కాగితంలో రాసి ఉన్నవాటిని చూసి బెదరకండి, చదవకుండానూ పెట్టకండి. హెర్నియా మళ్ళీ రావడం నూటికి ఒకరికి అటూ ఇటూ. నెలలు నిండని పిల్లల్లో, ఇరుక్కున్నాక చేసినవాళ్ళలో కొంచెం ఎక్కువ. కుట్ల దగ్గర చీము పట్టడం కూడా అరుదే. వృషణానికి పోయే రక్తనాళాలు, వీర్యనాళం ఆ సంచిని అంటిపెట్టుకుని దారంలా ఉంటాయి. వాటికి దెబ్బ తగిలితే వృషణం చిన్నదైపోవచ్చు. చాలా అరుదు గాని అసలు లేదనలేం, చెయ్యి తిరిగిన సర్జను అవసరం అందుకే. ఒక వైపు చేయించాక నూటికి ఏడుగురి దాకా రెండో వైపు తర్వాత ఎప్పుడైనా రావచ్చు. అది డాక్టరు చేసిన పొరపాటు కాదు, అటువైపు దారి కూడా పుట్టుకతో తెరిచే ఉంది.

వాళ్ళ మనసులో ఏముంది?

ఇంతసేపూ మన భయం గురించే మాట్లాడుకున్నాం. బిడ్డ భయం వేరు.

మూడేళ్ళవాడికి మత్తు తెలియదు, హెర్నియా తెలియదు. వాడికి తెలిసింది అమ్మ ముఖం. రెండు రోజులుగా అమ్మ ఎందుకు కళ్ళు తుడుచుకుంటోంది? నేను రాగానే నాయన ఫోన్ ఎందుకు పెట్టేస్తున్నాడు? తానేదో తప్పు చేశానని, అందుకే శిక్ష పడబోతోందని ఆ వయసు పిల్లలు తేలిగ్గా అనుకుంటారు. అన్నం తినకపోతే "డాక్టరుతో సూది వేయిస్తా" అని మనం ఎన్నిసార్లు బెదిరించలేదు? ఇప్పుడు నిజంగానే తీసుకుపోతున్నాం. ఐదారేళ్ళవాడికి ఇంకో భయం. గజ్జలో ఆపరేషన్ అంటే మూత్రం పోసేదాన్నే కోసేస్తారని. వీధిలో ఎవరికో ఒడుగులు (సున్తీ) చేసినప్పుడు విన్న మాటలు, అన్నలు చేసిన ఎగతాళి కలిసి వాడి తలలో ఏవేవో బొమ్మలు గీస్తాయి. అది ఎవరినీ అడగడు, సిగ్గు. "నిన్ను నిద్రపుచ్చుతారు" అని మనం ఓదార్పుగా అంటాం. మొన్న తాత పోయినప్పుడు కూడా "తాత నిద్రపోతున్నాడు" అనే చెప్పి ఉంటాం.

లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన 1952లో ఒక చిన్న సినిమా తీశారు. లారా అనే రెండేళ్ళ పాప బొడ్డు హెర్నియా ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంటుంది. అప్పట్లో అక్కడ తల్లిదండ్రులను వార్డులో ఉండనిచ్చేవారు కాదు. లారా పెద్దగా ఏడవదు, గోల చేయదు. నర్సుల దృష్టిలో బుద్ధిమంతురాలు. కెమెరా మాత్రం పంటి బిగువున దుఃఖాన్ని ఆపుకునే ముఖాన్ని పట్టుకుంది. తల్లి చూడటానికి వస్తే ఆ పాప ముఖం తిప్పేసుకుంటుంది. ఆ సినిమా చూసి మొదట చాలామంది డాక్టర్లు మండిపడ్డారు. కానీ 1959లో అక్కడి ప్రభుత్వానికి అందిన ప్లాట్ నివేదిక తల్లిని బిడ్డ దగ్గర ఉండనివ్వాలని చెప్పింది.

అక్కడివాళ్ళు పోరాడి తెచ్చుకున్నది మనకు ఆనవాయితీ. మన ఆసుపత్రుల్లో మంచం మీద బిడ్డ పక్కన తల్లి ఉంటుంది, మంచం కింద ఫ్లాస్కూ సంచీ ఉంటాయి, నేల మీద చాప పరుచుకుని అవ్వ ఉంటుంది. ఈ విషయంలో మన పద్ధతే మేలు. పక్కనే ఉండీ బిడ్డను ఒంటరిని చేసే దారి మాత్రం ఒకటి ఉంది. అది అబద్ధం. "జాతరకు పోదాం పద" అని బస్సెక్కించి ఆసుపత్రిలో దించితే, లోపల జరిగిన నొప్పిని వాడు మరిచిపోతాడు. అమ్మ మాట మీద నమ్మకం పోవడం అంత త్వరగా మరవడు. తర్వాతి సూదికి, తర్వాతి ఆసుపత్రికి వాడు చేసే గోలకు మూలం అక్కడే.

నిజం చెబుదాం, వాడి వయసుకు సరిపోయేంత. రెండు మూడేళ్ళ పిల్లలకు ముందురోజో, ఆ ఉదయమో చెబితే చాలు. ఐదారేళ్ళవాళ్ళకు మూడు నాలుగు రోజుల ముందు, పెద్ద పిల్లలకు వారం ముందు. మాటలు ఇట్లా ఉండవచ్చు: "నీ గజ్జలో చిన్న రంధ్రం ఉంది నాయనా. నువ్వేం తప్పు చేసినందుకు కాదు, పుట్టినప్పటి నుంచి ఉంది. డాక్టరు దాన్ని మూస్తాడు. నీ దాన్ని ఏమీ కోయరు. మందు వాసన పీల్చినాక నీకేమీ తెలీదు, పని అయిపోయినాక నిన్ను లేపుతారు. లేచేసరికి నేను ఉంటా. కొంచెం నొప్పి ఉంటుంది, దానికి మందిస్తారు." నొప్పి ఉండదని మాత్రం మాటివ్వవద్దు. ఇంట్లో బొమ్మకు కట్టు కట్టించి, వాడినే డాక్టరును చేసి ఆడనివ్వండి. మనసులో ఏముందో ఆ ఆటలో బయటపడుతుంది.

"మగపిల్లోడివి, ఏడవకూడదు" అనవద్దు. ఏడవనీయండి. లారా ఏడవకపోవడం నెమ్మదికి గుర్తు కాదు. థియేటర్ తలుపు దాకా ఎత్తుకుపోయేది కుదురుగా ఉండగలిగిన మనిషైతే మంచిది. అది తల్లే కానక్కర్లేదు, ఒక్కోసారి తాతే అందరికన్నా నిబ్బరంగా ఉంటాడు. పిల్లలు మాటల కన్నా ముందు మన చేతుల వణుకును వింటారు. మన ఏడుపు వరండాలో ఏడుద్దాం, ఏడవడంలో తప్పేమీ లేదు.

ఇంటికి తెచ్చుకున్నాక

మత్తు దిగే వేళ కొందరు పిల్లలు గట్టిగా అరుస్తారు, కాళ్ళు చేతులు కొట్టుకుంటారు, మనల్ని గుర్తుపట్టనట్టు చూస్తారు. చూస్తే భయమేస్తుంది గాని అరగంట లోపు సర్దుకుంటుంది. ముందు గుక్క గుక్కగా నీళ్ళు, పడితే పాలు, ఆ తర్వాత ఇడ్లీయో మెత్తటి అన్నమో. పప్పు తింటే చీము పడుతుందన్న పథ్యం మన ఇళ్ళలో ఇంకా ఉంది. దాన్ని వదిలేద్దాం, గాయం మానాలంటే పప్పు, గుడ్డు, పాలే కావాలి. కుట్ల మీద పసుపు, పౌడరు, ఆముదం ఏవీ వద్దు. ఒళ్ళు ఎప్పుడు కడగాలో డాక్టరు చెప్పినట్టే.

నొప్పి మందు బిడ్డ బరువును బట్టి రాస్తారు. ఏడ్చేదాకా ఆగకుండా మొదటి ఒకటి రెండు రోజులు చెప్పిన వేళకు ఇవ్వండి. పెద్దవాళ్ళ మాత్ర సగం విరిచి ఇవ్వడం ఎన్నడూ వద్దు. వృషణం సంచి కొంచెం ఉబ్బి నీలిగా కనిపించడం మామూలే, కొన్ని వారాల్లో తగ్గుతుంది. చంటివాళ్ళు ఎంత ఆడాలో వాళ్ళకే తెలుస్తుంది. బడి పిల్లలు వారంలో బడికి పోవచ్చు. సైకిలు, కబడ్డీ రెండు మూడు వారాలు ఆగితే మంచిది.

జ్వరం ఎక్కువైనా, కుట్లు ఎర్రబడి చీము కారినా, వాపు రోజురోజుకీ పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా, ఎనిమిది గంటలు దాటి మూత్రం పోయకపోయినా ఫోన్ చేయడానికి మొహమాటపడవద్దు. వృషణం పైకి పోయినట్టు అనిపించినా, ఆ ఉబ్బే మళ్ళీ కనిపించినా చూపించండి. కుట్లు మానాయి కదా అని తిరిగి చూపించుకోవడం మానేయవద్దు.

రెండు వారాల దాకా బిడ్డ రాత్రి ఉలిక్కిపడి లేవవచ్చు, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుపెట్టవచ్చు, కొంగు వదలకపోవచ్చు. మొండితనం అనుకుని కసరవద్దు. జరిగినదాన్ని వాడు తనలో తాను సర్దుకుంటున్నాడు. ఆసుపత్రి ఆట మళ్ళీ మళ్ళీ ఆడితే ఆడనివ్వండి. వాడు అడిగితే మళ్ళీ మొదటి నుంచి చెప్పండి.

మీ ఇంట్లో ఈ మాట నడుస్తున్నట్టయితే ఇవాళే ఒక కాగితం తీసుకోండి. బిడ్డ బరువు, ఎన్నో నెలలో పుట్టిందో, ఇప్పుడు వాడుతున్న మందులు, ఏ మందు పడదో, ఇంట్లో ఎవరికైనా మత్తుతో ఇబ్బంది వచ్చిందేమో, రాసి పెట్టుకోండి. దాంతో పాటు ఫోనులో ఆ ఫొటో. రెండూ తీసుకుని ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి పోండి. ఆపరేషన్ తేదీ తెలిసిన రోజు బిడ్డకు ఎప్పుడు, ఎవరు చెప్పాలో ఇంట్లోవాళ్ళంతా కూర్చుని ఒక మాట అనుకోండి. అందరూ ఒకే మాట చెబితే బిడ్డకు అర్థమవుతుంది, నలుగురు నాలుగు కథలు చెబితే ఒక్కటీ నమ్మదు.